ముల్లు ఎవరి చేతిలో?

పోయిన వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తూ రికార్డుల అల్మారా ఖాళీ చేశాను. నేలమీద దుప్పటి పరిచి, ఒక్కొక్క రికార్డూ తీసి పాత నూలు చీర ముక్కతో తుడుస్తూ లెక్కపెట్టాను. మొత్తం 143. పనిలో పనిగా ఇంకో లెక్క కూడా వేశాను. ఆడవాళ్ళ గొంతులున్న రికార్డులు 88. ఆడవాళ్ళు కొన్నవి 32. ఆ 32లో 31 నావి. అమ్మది ఒక్కటి. అది ఇప్పుడు మోగదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు సాహిత్యం పాఠాలు చెప్పినదాన్ని. ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా ఇది ఎవరి గొంతు, ఎవరి కోసం, ఎవరిని బయట నిలబెట్టి అని అడగడం నాకు అలవాటు. చిత్రమేమిటంటే ఆ ప్రశ్న నా రికార్డుల అల్మారాని ఎప్పుడూ అడగలేదు. పాట దగ్గరికి వచ్చేసరికి నేను స్త్రీవాదిని కాదు, మా నాన్న కూతుర్ని మాత్రమే. ఈసారి నాకిష్టమైన రికార్డుల్ని మళ్ళీ వింటూ కూర్చున్నప్పుడు ఆ సంగతి తెలిసొచ్చింది.

నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారు. నేను నాలుగో క్లాసులో ఉండగా హెచ్.ఎం.వి. ఫియెస్టా కొన్నారు. చిన్న సూట్‌కేసులా చేత్తో పట్టుకెళ్ళగలిగే రికార్డు ప్లేయరది. అంతకుముందు తాతయ్య కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టె ఉండేది. ముందుగదిలో కిటికీ పక్కన స్టూలు మీద ఫియెస్టా, దాని మీద అమ్మ కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ. రికార్డు వేయడానికి కొన్ని నియమాలుండేవి. చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. రికార్డును అంచుల దగ్గరే పట్టుకోవాలి. ముల్లు మాత్రం నాన్నే పెట్టాలి. నాకు పన్నెండేళ్ళు వచ్చాక ముల్లు పెట్టే అర్హత నాకూ ఇచ్చారు. అది నా మొదటి డిగ్రీ. ఆ తర్వాత వచ్చినవేవీ నాకంత గర్వాన్నివ్వలేదు.

అమ్మను ముల్లు ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఆమె చేతులు ఎప్పుడూ తడిగానో, పిండిగానో ఉండేవి. అంతే.

తాతయ్య రికార్డుల్లో నాకు బాగా ఇష్టమైనది స్థానం నరసింహారావుగారి 78. సత్యభామ పాట. చిన్నప్పుడు అది ఆడమనిషి గొంతే అనుకునేదాన్ని. మగవాడని తెలిసిన రోజు నమ్మలేక రికార్డు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాను. 1902లో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలతో పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. మా ఊరి పెద్దలు ఆయన్ని తలుచుకుంటే కళ్ళు మెరిసేవి. ఆడవాళ్ళు ఆయన దగ్గర నడక నేర్చుకోవాలని నాన్న కూడా అనేవారు. ఒకసారి అమ్మ వంటింట్లోంచి, "నిజమే, అంత తీరిగ్గా అలగాలంటే మగాడై పుట్టాల్సిందే" అంది. నాన్న నవ్వారు, నేనూ నవ్వాను. అది హాస్యం కాదనీ, విమర్శ అనీ అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ రికార్డు వింటే ఆ గొంతులోని నేర్పుకి మళ్ళీ ముచ్చటేస్తుంది. దాన్ని కాదనను. కానీ సంసార స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదు, ఎక్కినవాళ్ళు సంసార స్త్రీలు కారు అనుకునే కాలంలో, ఆడతనం ఎలా ఉండాలో తీర్చిదిద్ది చూపించే పని మగవాడికి దక్కింది. ఆయన పాడి ప్రసిద్ధం చేసిన ఆ పాటే 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాలో సుశీల గొంతుతో, జమున అభినయంతో వచ్చింది. సత్యభామ పాట ఒక ఆడదాని గొంతులోకి రావడానికి పట్టిన దూరం అది. ఆ సినిమా రికార్డు మాత్రం మా ఇంట్లో లేదు. సినిమా పాటలంటే నాన్నకి చులకన. ఆ చులకననే నేను అభిరుచి అనుకుని నేర్చుకున్నాను.

తర్వాత చేతికొచ్చింది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం. 1963లో వచ్చిన ఎల్.పి. మా ఇంటి కాపీకి అట్ట అంచులు అరిగి పీచు లేచాయి. నాన్న అయిదింటికి లేచి ఈ రికార్డు పెట్టి పడక్కుర్చీలో వాలేవారు. అప్పటికి అమ్మ లేచి గంటయ్యేది. వాకిలి ఊడ్చి, ముగ్గేసి, కుంపటి రాజేసి పాలు పెట్టేది. మేలుకొలుపు మొదలయ్యేటప్పటికి మా ఇంట్లో దేవుడూ నాన్నా తప్ప నిద్రపోయేవాళ్ళెవరూ ఉండేవారు కాదు.

ఆ అట్ట మీద ఎం.ఎస్. అనే అక్షరాలను నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఎం అంటే మదురై, ఎస్ అంటే షణ్ముఖవడివు. షణ్ముఖవడివు ఆమె తల్లి, వీణ విద్వాంసురాలు, దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ. అంటే దేశమంతా తెల్లవారుఝామున భక్తిగా తలుచుకున్న ఆ పేరులో ఇంటిపేరు స్థానంలో ఉన్నది తల్లి పేరు. ఆ రెండో అక్షరం వెనక ఉన్న మనిషిని మాత్రం పట్టుచీర, ముక్కుపుడకలు, గృహలక్ష్మి బొమ్మ కప్పేశాయి. సుబ్బులక్ష్మి ఏం పోగొట్టుకుని ఆ గౌరవం పొందిందో అడిగే పుస్తకాలు చాలా ఆలస్యంగా వచ్చాయి.

ఈ సంగతి అమ్మ జీవితంలోకి ఎలా వచ్చి తగిలిందో చెప్పాలి. అమ్మది రేపల్లె పక్క పల్లెటూరు. పదేళ్ళప్పుడు ఒక మాస్టారు హార్మోనియం తెచ్చుకుని వచ్చి పిల్లలకు సరళీ స్వరాలు, గీతాలు చెప్పేవారట. అమ్మకి గొంతు బాగుందని ఆయన అన్నారు. ఆ మాటే కొంప ముంచింది. గొంతు బాగున్న పిల్ల నలుగురిలో పాడుతుంది, నలుగురిలో పాడితే భోగం మేళం అంటారు అని అమ్మమ్మ పాఠం మాన్పించింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి, ఆ వ్యవస్థతో ఏ సంబంధమూ లేని ఒక రైతు ఇంట్లో, ఆ మాటను అడ్డుపెట్టి ఒక పిల్ల నోరు మూయించారు. అవతల పాట బతుకుగా ఉన్న స్త్రీలను ఆ మాటతో వెలివేశారు. ఇవతల అదే మాటతో మా అమ్మను భయపెట్టారు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మ గురించి, ఆ పుస్తకం మీద 1947 దాకా నడిచిన నిషేధం గురించి నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అదే గీత మా వంటింటి గడపగా ఉందని మాత్రం చూడలేదు.

సుబ్బులక్ష్మిదే ఇంకో రికార్డు, తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్.పి.లలో ఒకటి, నాన్న సాయంత్రాలు పెట్టేవారు. అన్నమయ్య కీర్తనలు వందల ఏళ్ళు రాగిరేకుల మీద చెక్కి, తిరుమల గుళ్ళో భద్రంగా ఉన్నాయి. ఒక రకంగా తెలుగువాళ్ళ మొదటి రికార్డులు అవే. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. తొలి తెలుగు కవయిత్రిగా ఆమెను చెప్పుకుంటాం. మా అల్మారాలో అన్నమయ్య ఉన్నాడు, తిమ్మక్క లేదు.

నా సొంత డబ్బుతో కొన్న మొదటి రికార్డు బేగం అఖ్తర్ గజళ్ళు. 1984లో, హైదరాబాదులో రీసెర్చి చేస్తుండగా, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికింది. స్కాలర్‌షిప్పు డబ్బులు. ఉర్దూ సగమే అర్థమయ్యేది. ఆమె గొంతు పై స్థాయిలో చటుక్కున చిట్లే చోటు ఒకటుంటుంది. మరొకరైతే దాచుకునే ఆ చీలికను ఆమె తన సంతకం చేసుకుంది. హాస్టలు గదిలో ప్లేయరు లేదు. స్నేహితురాలి ఇంటికి వెళ్ళి వినేదాన్ని.

ఆమె పాత 78ల మీద పేరు అఖ్తరీబాయి ఫైజాబాదీ. ఎల్.పి.ల మీద బేగం అఖ్తర్. ఈ రెండు పేర్ల మధ్య ఒక పెళ్ళి ఉంది. 1945లో లక్నోలో ఒక బారిస్టరుని చేసుకుని పాట మానేసింది. మంచం పట్టింది. 1949లో లక్నో రేడియోలో మళ్ళీ పాడింది. 1974లో పోయేదాకా ఆపలేదు. మన దగ్గర రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ళకే గ్రామఫోను రికార్డిచ్చి, రేడియోలో లలిత సంగీతానికి దారి వేసిన గాయని. 1944లో కోలంక జమీందారుతో పెళ్ళయ్యాక ఆమె క్రమంగా సినిమా పాటకు దూరమైంది. బాయి బేగమవుతుంది, గాయని రాణి అవుతుంది. గౌరవం పెరిగిన కొద్దీ పాట తగ్గుతుంది.

నా అల్మారాలో నిఖిల్ బెనర్జీ సితార్ రికార్డు ఒకటి ఉంది. ఆయనకు పాఠం చెప్పిన గురువుల్లో అన్నపూర్ణాదేవి ఒకరు. అల్లాఉద్దీన్ ఖాన్ కూతురు, సుర్‌బహార్ విదుషి. భర్త రవిశంకర్‌తో కలిసి చేసిన కొన్ని కచేరీల తర్వాత వేదికకు దూరమైంది. 2018లో పోయేదాకా బయటికి ఒక్క రికార్డు కూడా ఇవ్వలేదు. ఆమెను వినాలంటే శిష్యుల రికార్డుల్లో వెతుక్కోవాలి. ఇప్పుడు ఆ రికార్డు పెట్టినప్పుడల్లా ఆ చెయ్యి ఎవరిదో కాసేపు ఆలోచిస్తాను.

నా సంగతికొస్తే, 1988లో నా పెళ్ళయింది. అత్తవారింట్లో రికార్డులు వద్దని ఎవరూ అనలేదు. పెట్టడానికి చోటు లేదంతే. హాల్లో టీవీకి చోటుంది. నా రికార్డులు పదకొండేళ్ళు తెనాలిలో నాన్న మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. "ఎవరూ వద్దనలేదు" అనే ఈ వాక్యం ఇంతకుముందు అమ్మ గురించి రాశాను. మళ్ళీ నా గురించి రాస్తున్నాను. చెయ్యి అక్కడే ఆగింది.

రికార్డు తుడిచేటప్పుడు నేను మొదట చూసేది మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం. ఎవరి పేరుందో దాని మీదే ఉంటుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డింగు ఇచ్చినప్పుడు, పాట చివర తన పేరు తనే గట్టిగా ఇంగ్లీషులో చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి, ఏ పాట ఎవరిదో వాళ్ళకు తెలియడం కోసం అలా చెప్పించారు. కారణం ఏదైనా, ఆ పేరు పాటలో భాగమైపోయింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1949లో మహల్ సినిమా రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారు. జనం ఈ కామిని ఎవరని అడిగేదాకా పాడిన మనిషి పేరు బయటికి రాలేదు.

ఇక అమ్మ రికార్డు.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా క్రాఫ్టు టీచరు పాత గ్రామఫోను రికార్డులతో పూలగిన్నెలు చేయడం నేర్పింది. 78లు లక్కతో చేస్తారు. లక్కలో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోస్తారు. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసేదీ ఆ లక్కతోనే. వేడినీళ్ళలో ముంచితే రికార్డు మెత్తబడుతుంది, స్టీలు గిన్నె మీద బోర్లించి అంచులు నొక్కితే అలలలలుగా వంగి, చల్లారాక గట్టిపడుతుంది. అప్పటికి 78ల కాలం అయిపోయింది. పనికిరానిది ఒకటి ఇవ్వమని నాన్నని అడిగాను. ఆయన వెతికి, "ఈ సినిమా పాటది తీసుకో" అన్నారు. మల్లీశ్వరి. భానుమతి. ఎవరిదని నేను అడగలేదు.

1951లో ఆ సినిమా వచ్చాక, పండక్కి మేనమామ ఇచ్చిన డబ్బులతో అమ్మ ఆ రికార్డు కొనుక్కుందట. ఇంట్లో గ్రామఫోను లేదు. రికార్డు చేత్తో పట్టుకుని కరణంగారింటికి వెళ్ళి, వాళ్ళ పెట్టె మీద వేయించుకుని, మళ్ళీ గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. పాఠం మాన్పించిన పిల్ల ఒక పాటని కొని దాచుకుంది. కాపురానికి వస్తూ ట్రంకు పెట్టెలో చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది. తెరమీద కనిపించే మనిషీ పాడే గొంతూ ఒకటే అయిన నటి భానుమతి. సినిమాకి దర్శకత్వం చేసింది, అత్తగారి కథలు రాసింది. అమ్మకి ఆ లెక్కలేవీ తెలియవు. "ఆవిడ ఎవరికీ జంకదే" అని మాత్రం అంటుంది.

నేను చేసిన గిన్నె చూసి అమ్మ, "వేడినీళ్ళు చేతిమీద పడలేదు కదా?" అని అడిగింది. ఇంకేమీ అనలేదు. దానికి బడిలో రెండో బహుమతి వచ్చింది. తర్వాత అమ్మ అందులో పిన్నీసులు, హుక్కులు, ఊడిన బొత్తాములు వేసుకునేది. 2011లో నాన్న పోయారు. 2019లో తెనాలి ఇల్లు ఖాళీ చేసి అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో ఆ గిన్నె ఉంది. పోయిన వేసవిలో బొత్తాములు ఒంపి తుడుస్తుంటే అడుగున కాగితం మీది అక్షరాలు కనిపించాయి. అప్పుడు అడిగాను. యాభై ఏళ్ళ తర్వాత. అమ్మ ఈ కథంతా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పింది.

వెంటనే ఫోనులో ఆ పాట వెతికి వినిపించాను. శుభ్రంగా, గీరలు లేకుండా ఉంది. అమ్మ చివరిదాకా విని, "బాగానే ఉంది గానీ రెండో చోట ఆగలేదేమే?" అంది. తన రికార్డులో ఒకచోట ముల్లు ఎగిరి ఒక మాట రెండుసార్లు వచ్చేదట. పాడి చూపించింది. ఎనభై ఏడేళ్ళ గొంతు, కాస్త వణుకుతోంది. సరిగ్గా అక్కడ ఆ మాట రెండుసార్లు పాడి, ఏమీ జరగనట్టు ముందుకి వెళ్ళింది. ఆ రికార్డు ఇప్పుడు అక్కడ మాత్రమే ఉంది.

ఇవాళ రికార్డులకి మళ్ళీ మోజు వచ్చింది. కుర్రాళ్ళు వచ్చి ఏ ఏడు అచ్చు, అట్ట బాగుందా అని అడుగుతారు. నేనూ గొప్పగా చూపిస్తాను. ఆ గిన్నె ఎవరికీ చూపించలేదు. ఈ వ్యాసం రాయాలనుకున్నాక ఇప్పుడు అల్మారా పైఅరలో, సుబ్బులక్ష్మి పక్కన పెట్టాను.

ఆ సాయంత్రం అమ్మని, "ఏది పెట్టమంటావు?" అని అడిగాను. "ఆ తిరుపతిది పెట్టు" అంది. "నువ్వే పెట్టు" అన్నాను. కొంగుకి చేతులు రెండుసార్లు తుడుచుకుని వచ్చింది. తిరిగే రికార్డు మీద ఆమె చెయ్యి, ముల్లు వణుకుతూ ఉన్నాయి. నా నోట్లోంచి గట్టిగా, "మెల్లగా! గీత పడుతుంది!" అని వచ్చేసింది. అది నాన్న గొంతు. అదే విసుగు, అదే ఒత్తు. అమ్మ నావైపు ఒకసారి చూసి, తొందరపడకుండా, ముల్లుని రికార్డు మధ్యలో, మూడో పాట మొదట్లో దించింది.

"మొదట్నుంచి పెట్టమ్మా" అన్నాను.

"మొదటి రెండూ నాకు తెలీవే. అది మీ నాన్న కాఫీ టైము. నాకు ఇక్కణ్ణుంచే వచ్చు."

అక్కణ్ణుంచే విన్నాం. అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం కాఫీ నేను పెట్టాను. అమ్మ ముందుగదిలో కూర్చుని మొదటి పాట నుంచి పెట్టుకుంది. పాలు పొంగకుండా చూస్తూ, ఫిల్టరు మీద వేడినీళ్ళు పోస్తూ, గ్లాసులు కడుగుతూ వంటింట్లోంచి నేను ఆ రెండు పాటలూ వినడానికి ప్రయత్నించాను. సగమే వినిపించాయి.